నిన్న పలికిన హై సి ఈ రోజు ఎందుకు పలకడం లేదు?

ప్రశ్న: నమస్తే సార్. నాకు 38 ఏళ్లు. చదువుకునే రోజుల్లో ట్రంపెట్ వాయించేదాన్ని. మధ్యలో చాలా ఏళ్లు ముట్టుకోలేదు. మూడేళ్ల కిందట మళ్లీ మొదలుపెట్టాను. రోజూ నలభై నిమిషాల సాధనతో హై సి (ట్రంపెట్ మీద బాగా పైనుండే సి నోటు) శుభ్రంగా వచ్చేది, బాగున్న రోజున డి కూడా పలికేది. ఆరు వారాల్లో మా బృందం కచేరీ ఉంది. ఫస్ట్ ట్రంపెట్ భాగం, అంటే పై నోట్లు ఎక్కువగా ఉండేది, నాకిచ్చారు. దాంతో నెల రోజులుగా రోజుకు రెండు గంటలు వాయిస్తున్నాను, అందులో సగానికి పైగా పై నోట్లే. బాగుపడాల్సింది పోయి తలకిందులైంది. ఇప్పుడు స్టాఫ్ (నోట్లు రాసే ఐదు గీతలు) మీద కూర్చునే జి దాటితే గాలే తప్ప నోటు రావడం లేదు. ఇరవై నిమిషాలకే పెదాలు మొద్దుబారుతున్నాయి. చిన్న మౌత్‌పీస్ (పెదాలకు ఆనించి ఊదే భాగం) కొన్నాను. రెండు రోజులు అద్భుతంగా ఉంది, మూడో రోజు మళ్లీ అదే కథ. ఒక స్నేహితురాలు రెండు వారాలు పూర్తిగా ఆపేయమంటోంది. బృందంలో ఇంకొకాయన ‘ఆపితే ఉన్నది కూడా పోతుంది, ఇంకా ఎక్కువ వాయించండి’ అంటున్నారు. నా ఎంబషర్ (ఊదేటప్పుడు పెదాల పట్టు) పాడైపోయిందా? ఇది వయసు ప్రభావమా? ఏం చేయమంటారు?

సమాధానం:

పాడైపోయిందని భయపడాల్సిన లక్షణం మీ ఉత్తరంలో ఒక్కటీ కనిపించలేదు. నొప్పి అనలేదు, ఒక పక్క పట్టు తప్పుతోందనలేదు. మీ పెదాలు బాగా అలిసిపోయి ఉన్నాయి, అంతే. కారణం కూడా మీరే రాశారు. నలభై నిమిషాల నుంచి ఒక్కసారిగా రెండు గంటలకు వెళ్లారు. ఆ రెండు గంటల్లోనూ సగానికి పైగా పెదాలకు అన్నిటికన్నా బరువైన పనే చెప్పారు. పని అన్ని రెట్లు పెరిగితే కోలుకునే సమయం పెరగాలి కదా, అది తగ్గింది. ఇంత చేసినా రేంజ్ (పలికించగలిగే ఎత్తు) పడిపోకపోతేనే ఆశ్చర్యపోవాలి.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే మిగతా సలహాలన్నీ మీకే తోస్తాయి, కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం.

పెదాల చుట్టూ వలయంలా ఉండే కండరం పేరు ఆర్బిక్యులారిస్ ఓరిస్. నోటి మూలల్ని పట్టి ఉంచే కండరాలు, బుగ్గల కండరాలు, గడ్డం దగ్గరివి దానికి సాయంగా ఉంటాయి. ఇవన్నీ కలిసి పెదాల్ని ఒక ఆకారంలో నిలబెడితే, మధ్యలో ఉన్న కాస్త మెత్తటి భాగం గాలికి కంపిస్తుంది. ఆ భాగం ఎంత చిన్నదో చూడండి: మామూలు ట్రంపెట్ మౌత్‌పీస్ లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లే. బి ఫ్లాట్ ట్రంపెట్ మీద స్టాఫ్ మూడో ఖాళీలోని సి వాయిస్తే అది సెకనుకు సుమారు 466 సార్లు కంపిస్తుంది. హై సి దగ్గరికి వెళ్తే 932 సార్లు. పైకి వెళ్లేకొద్దీ పెదాల మధ్య సందు చిన్నదవుతుంది, నోటి లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి పెదాలు విచ్చుకుపోకుండా మూలలు మరింత గట్టిగా నిలబడాలి. కాబట్టి పై నోట్లో గడిపే ఒక్క నిమిషం, మధ్య స్థాయిలో గడిపే ఒక్క నిమిషంతో సమానం కాదు.

ఇక మౌత్‌పీస్ అంచు సంగతి. అది పెదవిని నొక్కిన చోట రక్తప్రసరణ తగ్గుతుంది. తీయగానే మళ్లీ రక్తం వస్తుంది. పాట మధ్యలో రెండు బార్ల విరామం దొరికితే ట్రంపెట్ దించేయమని చెప్పేది ఇందుకే. ఆ విరామాల్లేకుండా నొక్కుతూ పోతే కండరం అలసిపోవడమే కాదు, ఆ భాగంలో నీరు చేరి కాస్త వాపు కూడా వస్తుంది. అద్దంలో చూస్తే కనిపించనంత చిన్న వాపు. కానీ సెకనుకు తొమ్మిది వందల సార్లు కదలాల్సిన భాగానికి ఆ మాత్రం చాలు, బిగుసుకుపోతుంది. మెల్లగా ఊదితే కంపనం మొదలుకాదు, గాలి మాత్రమే బయటికొస్తుంది. మీరు చెప్పిన ‘గాలే తప్ప నోటు లేదు’ ఇదే.

అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఇంకా గట్టిగా ఊదుతారు. గట్టి గాలికి అలిసిన మూలలు ఆగలేవు, అందుకని చేతులతో మౌత్‌పీస్‌ను పెదాలకేసి నొక్కుతారు. నోటు పలుకుతుంది, ‘హమ్మయ్య, వచ్చింది’ అనిపిస్తుంది. కానీ ఆ నొక్కుడుకి వాపు ఇంకాస్త పెరుగుతుంది, మర్నాడు ఇంకాస్త ఎక్కువ నొక్కాలి. కత్తి మొద్దుబారేకొద్దీ మనం గట్టిగా నొక్కుతాం, నొక్కేకొద్దీ అది ఇంకా మొద్దుబారుతుంది, అలాంటిదే ఇది. మీరు నెల రోజులుగా ఈ సుడిలోనే తిరుగుతున్నారు.

నష్టం అలసటతో ఆగదు, అందుకే ఇంతగా చెబుతున్నాను. శరీరానికి ఏది ఎక్కువసార్లు చేయిస్తే అదే నేర్చుకుంటుంది. మొదటి ఇరవై నిమిషాలు మీరు మీ అసలు పద్ధతిలో వాయిస్తున్నారు. మిగతా గంటా నలభై నిమిషాలు అలిసిన పెదాలతో, చేతుల బలంతో, గొంతు బిగించి మరో పద్ధతిలో వాయిస్తున్నారు. రోజూ ఏది ఎక్కువ సాధన అవుతోందో లెక్క వేసుకోండి. చాలామంది రేంజ్ ఒక సమస్య, ఓపిక ఇంకో సమస్య అనుకుని దేనికి దానికి విడి వ్యాయామాలు వెతుకుతారు. మీ విషయంలో రెండూ ఒకటే. నొక్కకుండా వాయించగలిగినంత సేపే మీ ఓపిక, నొక్కకుండా వెళ్లగలిగినంత ఎత్తే మీ రేంజ్. ఆ గీత దాటాక పలికేవి లెక్కలోకి రావు.

కాబట్టి ‘ఇంకా ఎక్కువ వాయించండి’ అన్నాయన మాట అస్సలు వినొద్దు. మీ స్నేహితురాలు సగం సరిగ్గా చెప్పింది. విశ్రాంతి కావాలి, కానీ రెండు వారాలు అక్కర్లేదు. గాయమైతే వేరే సంగతి. ఉత్త అలసటకు అన్నాళ్లు పూర్తిగా ఆపితే వాపు ఎప్పుడో పోయాక కూడా మీరు ఊరికే కూర్చుంటారు, మూలల బలం తగ్గుతుంది, తిరిగొచ్చాక ఆ కంగారులో మళ్లీ ఎక్కువ వాయిస్తారు. రెండు మూడు రోజులు ట్రంపెట్ పెట్టె తెరవకండి. ఆ రోజుల్లో ఫస్ట్ ట్రంపెట్ భాగం స్వరాలు పాడుకోండి, వేళ్లతో వాల్వ్‌లు నొక్కుతూ మనసులో వాయించుకోండి. మీ భాగం మీకు కంఠతా వచ్చేస్తే స్టేజీ మీద పెదాలకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ట్రంపెట్ దించొచ్చో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడానికీ ఇదే మంచి సమయం.

తర్వాత మొదటి రోజు రెండో గీత మీది జి, ఆ ఒక్క నోటూ, మీకు చేతనైనంత మెల్లగా, అంటే తక్కువ శబ్దంతో, మొదలుపెట్టి చూడండి. నాలుకతో కొట్టొద్దు, గాలితోనే మొదలవ్వాలి. ఊదిన క్షణంలోనే స్వరం పలికితే పెదాలు తేరుకున్నట్టు. ముందు ‘హుస్’మని గాలి వచ్చి తర్వాత స్వరం అతుక్కుంటే ఇంకా వాపు ఉన్నట్టు, ఆ రోజు పది నిమిషాలు కింది నోట్లు మెల్లగా వాయించి మూసేయండి. నా విద్యార్థులు ఎవరొచ్చినా నేను మొదట వినేది ఆ జి నే. పై నోట్లు ఎంత ఎత్తు వెళ్తున్నాయో తర్వాత చూడొచ్చు, ఈ ఒక్క నోటు చాలావరకు చెప్పేస్తుంది. అమెరికన్ జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో ఎవరికీ అందనంత పైన వాయించిన క్యాట్ ఆండర్సన్ పద్ధతిలో కూడా ఇదే జి ని వినీవినపడనంత మెల్లగా ఇరవై నిమిషాలు పట్టడం ఉంది. మీరు ఇరవై నిమిషాలు పట్టకండి, ఇప్పుడు అది మీ పని కాదు. కానీ అంత ఎత్తున వాయించిన మనిషి సాధనలో అంత కింద, అంత మెల్లగా ఉండే పాఠం ఉందంటే ఊరికే కాదు.

మొదటి వారం మొత్తం కలిపి రోజుకు ముప్ఫై, నలభై నిమిషాలు దాటకండి. అది కూడా ఒక్క బిగిన వద్దు. పది పదిహేను నిమిషాల చొప్పున ఉదయం ఒకసారి, మధ్యలో ఒకసారి, సాయంత్రం ఒకసారి. ప్రతి విడతలోనూ ఎంతసేపు వాయిస్తే అంతసేపు ఆగండి. ఒక నిమిషం లాంగ్ టోన్ (ఒకే నోటుని సాగదీసి పట్టడం), ఒక నిమిషం పెదాలు వదులు. ఇది వినడానికి తేలిక, చేయడమే కష్టం. ట్రంపెట్ చేతిలో ఉంటే ఊరుకోలేం కదా. అందుకే ఆగే సమయంలో పక్కన పెట్టేసి లేచి నడవమంటాను. ఏం వాయించాలంటే లాంగ్ టోన్లు, స్టాఫ్ లోపలే తిరిగే లిప్ స్లర్లు (వాల్వ్‌లు మార్చకుండా పెదాలతోనే నోటు నుంచి నోటుకి జారడం), మెల్లటి స్కేళ్లు, అంతే. కార్నెట్ విద్వాంసుడు హెర్బర్ట్ క్లార్క్ రాసిన సాధన పుస్తకం టెక్నికల్ స్టడీస్ మీ దగ్గర ఉంటే వాటిని ఆయన గుర్తు పెట్టినట్టే, అతి మెల్లగా వాయించండి. 1912 నుంచి ఆ ‘పియానిసిమో’ (చాలా తక్కువ శబ్దంతో అనే) గుర్తు అక్కడే ఉంది, అందరూ దాన్ని దాటేసి వేగం మీద పడతారు. మెల్లగా వాయించడం మృదుత్వం కోసం కాదు. మెల్లగా ఉన్నప్పుడు పెదాల మధ్య సందు చిన్నదిగానే ఉండాలి, బలంతో కప్పిపుచ్చడానికి వీల్లేదు. పై నోట్లకు కావాల్సిన పట్టు అక్కడే తయారవుతుంది.

ఈ వారంలో ‘హై సి ఉందో పోయిందో’ అని పరీక్షించుకోకండి. ఒక్కసారి చూద్దాం అనుకుంటారు, పలకదు, ఇంకోసారి, ఇంకొంచెం బలంగా... మూడు రోజుల విశ్రాంతి అక్కడ ఆవిరైపోతుంది.

రెండో వారం నుంచి రేంజ్ పని మొదలుపెట్టొచ్చు, వారానికి రెండు మూడు రోజులు మాత్రమే. ఆ రోజు తర్వాతి రోజు తేలికపాటి సాధన. వార్మప్ అయ్యాక, పెదాలు తాజాగా ఉన్నప్పుడే చేయాలి, విడత చివర్లో కాదు. స్టాఫ్ మూడో ఖాళీలోని సి నుంచి ఒక ఆర్పెజియో (తీగలోని నోట్లు ఒకదాని తర్వాత ఒకటి), తర్వాత అర స్వరం పైకి మరొకటి, ఇలా మెల్లగా, తక్కువ శబ్దంతో. ఏ నోటు దగ్గర చేతులు దగ్గరికి లాగడం మొదలుపెట్టాయో అక్కడ ఆగిపోండి. నోటు పలికిందా లేదా అన్నది కొలమానం కాదు, చేతులు లాగాయా అన్నదే. రెండుసార్లు ప్రయత్నించి వదిలేయండి. పది నిమిషాలు చాలు. ఇలా చేస్తే మొదట్లో మీ రేంజ్ ఎ దగ్గరో, ఇంకా కిందో తేలవచ్చు. కంగారు పడకండి, మీకు నొక్కకుండా మొదటినుంచీ ఉన్నది బహుశా అంతే. ఆ పైవి అప్పు తెచ్చుకున్నవి.

చేతులు లాగుతున్నాయని ఎలా తెలుస్తుంది? కుడి చిటికెన వేలిని కొక్కెంలోంచి తీసేసి దాని మీద ఊరికే ఆనించండి. పై నోటు కోసం కొక్కెంలోకి వెళ్లాలని ఆ వేలు తహతహలాడితే దొరికిపోయినట్టే. ఎడమ చేతి వేళ్ల కణుపులు తెల్లబడుతున్నాయేమో చూడండి. మౌత్‌పీస్ తీశాక పెదవి మీద గుండ్రటి ముద్ర అందరికీ పడుతుంది, అది నిమిషాల్లో పోవాలి. గంట తర్వాత కూడా లోతుగా ఉంటే ఎక్కువ నొక్కినట్టు. అసలు నొక్కకుండా వాయించే మనిషి లేడు, గాలి పోకుండా ఆపడానికి కొంత ఆనింపు కావాలి. ‘సున్నా ఒత్తిడి’ అని చెప్పి ట్రంపెట్‌ను తాడుతో వేలాడదీసి వాయించి చూపేవాళ్ల మాటలకు పడిపోకండి, అది ప్రదర్శనకు బాగుంటుంది. అలాగే పై పెదవి కన్నా కింది పెదవి మీద కాస్త ఎక్కువ బరువు ఉంటే మంచిదని చాలామంది గురువులు చెబుతారు, నా అభిప్రాయం కూడా అదే. కంపించే పనిలో ఎక్కువ భాగం పై పెదవిది.

గాలి గురించి ఒక్కమాట. పై నోట్లకు ఎక్కువ గాలి కావాలని అనుకుంటాం. కావాల్సింది ఎక్కువ గాలి కాదు, ఎక్కువ ఒత్తిడితో సన్నగా వెళ్లే గాలి. ‘ఆ’ అన్నప్పుడు నాలుక కింద ఉంటుంది, ‘ఈ’ అన్నప్పుడు మధ్య భాగం లేస్తుంది. పైకి వెళ్లేటప్పుడు నాలుక ఆ ‘ఈ’ వైపు జరగాలి. ఈల వేస్తూ స్వరం పెంచితే నాలుక తనంతట తాను ఏం చేస్తుందో గమనించండి, ఇక్కడా దాదాపు అదే. అలిసినప్పుడు మొదట తప్పేది ఊపిరి. అర గుక్క తీసుకుని, భుజాలు ఎత్తి, గొంతు బిగించి లాగిస్తాం. పై నోట్ల తర్వాత కళ్లు తిరుగుతున్నాయంటే అదే జరుగుతోందని అనుమానించండి, అక్కడితో ఆపి కూర్చోండి.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. అందులో ఆ రోజు ఎంత ఎత్తు వెళ్లారో రాయకండి. ఉదయం జి ఎలా మొదలైంది, వాయించడం మొదలుపెట్టిన ఎన్ని నిమిషాలకు స్వరం గరుకుగా మారింది, ఈ రెండే. స్వరం గరుకుబారే నిమిషం వారం వారం ఆలస్యంగా వస్తుంటే ఓపిక పెరుగుతున్నట్టు. అలా జరుగుతుంటేనే సాధన సమయాన్ని వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. అన్ని రోజులూ ఒకలా ఉండవు. రాత్రి నిద్ర లేకపోతే, ఉప్పు ఎక్కువ తింటే, నీళ్లు తాగకపోతే, జలుబు చేస్తే మర్నాడు పెదాలు వినవు. కొన్ని జలుబు మాత్రలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ పెదాల్ని, నోటిని ఎండబెడతాయి. పళ్లకు ఏదైనా వైద్యం చేయించుకున్నా, ముందు పన్ను కాస్త అరగదీసినా పట్టు మారుతుంది. కాబట్టి ఒక్క రోజు బాగాలేకపోతే కారణం వెతుక్కోకండి, రెండు వారాలు వరసగా జారుతుంటేనే వెతకండి.

మీరు రాయలేదు కానీ అడగాల్సిన ఇంకో విషయం: రిహార్సల్స్ ఎన్ని? కచేరీ దగ్గరపడితే అవి పెరుగుతాయి. రెండు గంటల రిహార్సల్ ఉన్న రోజున ఇంట్లో వార్మప్ తప్ప ఇంకేమీ వద్దు. బృందంలో మన శబ్దం మనకు వినపడదు, అందుకే తెలియకుండానే ఇంట్లో కన్నా బాగా గట్టిగా వాయిస్తాం. పెదాలకు అది రేంజ్ సాధన కన్నా పెద్ద దెబ్బ. రిహార్సల్‌లో పై పంక్తుల్ని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద వాయిస్తే తప్పు లేదు, అనుభవం ఉన్న లీడ్ ట్రంపెట్ వాయిద్యకారులు చాలామంది అదే చేస్తారు. నడిపించేవారికి ముందే చెప్పండి, లేకపోతే పార్ట్ రాలేదనుకుంటారు. రిహార్సల్ అయ్యాక వెంటనే పెట్టెలో పెట్టకుండా రెండు మూడు నిమిషాలు బాగా కింది నోట్లు మెల్లగా వాయించి, పెదాలు వదులుగా గుర్రంలా ‘బ్ర్ర్’మని ఆడించండి. మర్నాటి ఉదయం తేడా తెలుస్తుంది. ఇంట్లో ప్రాక్టీస్ మ్యూట్ (శబ్దం తగ్గించే బిరడా) వాడుతుంటే దాన్ని కూడా తగ్గించండి. అది గాలికి అడ్డు పెంచుతుంది, దానికి అలవాటుపడితే మ్యూట్ తీశాక పట్టు తేడాగా అనిపిస్తుంది.

చిన్న మౌత్‌పీస్ రెండు రోజులు పనిచేసిందంటే కారణం ఉంది. దాని అంచు పెదవి మీద వేరే చోట పడింది, అలిసిన చోటికి కాసేపు సెలవు దొరికింది. మూడో రోజుకి కొత్త చోటు కూడా అలిసింది. లోతు తక్కువ ఉన్న మౌత్‌పీస్ పై నోట్లను మెరిపిస్తుంది, లేని నోటుని తెచ్చిపెట్టదు. పాతదానికే తిరిగి వెళ్లండి, ఈ ఆరు వారాల్లో మార్చకండి. అయితే ట్రంపెట్‌ను మాత్రం ఒకసారి చూసుకోండి. నీళ్లు వదిలే మీట కింద ఉన్న కార్క్ అరిగి గాలి పోతుంటే, లీడ్‌పైప్‌లో (మౌత్‌పీస్ అమర్చే గొట్టంలో) ఏళ్ల మురికి పేరుకుంటే, తప్పు పెదాలదే అనుకుని మనం కష్టపడుతూ ఉంటాం. ముక్కుకి దగ్గరగా ఉన్న వాసనతోనే కొన్నిసార్లు తెలుస్తుంది, ఎప్పుడు కడిగామో గుర్తులేదని.

వయసు కాదు. 38 ఏళ్లకు పెదాలు ముసలివి కావు. మధ్యలో చాలా ఏళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు ఉండే చిక్కు వేరు: చెవికీ వేళ్లకీ పాత జ్ఞాపకం త్వరగా వచ్చేస్తుంది, కండరానికి రాదు. నోటు ఎలా పలకాలో తెలుసు కాబట్టి, ఎలాగోలా పలికించేస్తారు. ఆ ‘ఎలాగోలా’ చేతుల్లోంచి వస్తుంది.

డాక్టరును కలవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాయిస్తుండగా పెదవిలో ఏదో తెగినట్టు చురుక్కుమని నొప్పి వచ్చి, ఆ రోజు నుంచి రేంజ్ ఒక్కసారిగా పడిపోతే వాయించడం పూర్తిగా ఆపి చూపించుకోండి. పెదవి కండరం చిరగడం అరుదే, కానీ ఉంది. ట్రంపెట్ వాయించేవాళ్లలో దాన్ని ప్రసిద్ధ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీద సాచ్మో సిండ్రోమ్ అని 1982లో వైద్యులు రాశారు. పై నోట్లు బలంగా వాయించి వాయించి ఆయన పెదవి దెబ్బతిని 1930ల మధ్యలో కొన్ని నెలలు ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. విశ్రాంతి ఇచ్చినా తిమ్మిరి తగ్గకపోతే, పెదవిలో గడ్డ తగిలితే కూడా వెళ్లండి. నొప్పేమీ లేకుండా, తింటున్నప్పుడు మాట్లాడుతున్నప్పుడు బాగానే ఉండి, ట్రంపెట్ పెట్టగానే పెదవి మూల దానంతట అది లాగేస్తుంటే, వణుకుతుంటే అది నరాలకు సంబంధించిన ఫోకల్ డిస్టోనియా కావచ్చు. దాన్ని సాధనతో గెలవాలని చూడొద్దు, నరాల వైద్యుడికి చూపించండి. ముఖం ఒక పక్క జారినట్టుంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి. మీకు ఇవేమీ లేవు, అయినా ఇదే ఇబ్బందితో ఇది చదివే ఇంకొకరి కోసం రాస్తున్నాను.

ఇక కచేరీ. సాధనలో ఒక్కసారి పలికిన నోటు కచేరీ నోటు కాదు. గంటసేపు వాయించాక కూడా భయం లేకుండా పలకాలంటే, దానికి పైన ఇంకో రెండు మూడు నోట్లు మీ చేతిలో ఉండాలి. బాగున్న రోజుల్లో మీకు డి వరకు వచ్చేదన్నారు కాబట్టి, ఒంట్లో బాగున్నప్పుడు కూడా మీ కచేరీ రేంజ్ ఎ, లేదా బి ఫ్లాట్. మీ పార్ట్ తీసి అంతకు పైన ఎన్ని నోట్లు ఉన్నాయో, అవి కచేరీ మొదట్లో ఉన్నాయో చివర్లో ఉన్నాయో చూడండి. చివర్లో రెండు మూడు హై సిలు ఉంటే వాటికి ముందున్న పాటలో మీ భాగం కొంత సెకండ్ ట్రంపెట్‌కు ఇచ్చేయండి. ఇది చిన్నతనం కాదు. చాలా ఆర్కెస్ట్రాల్లో ఫస్ట్ ట్రంపెట్‌కు విశ్రాంతి ఇవ్వడానికే ఒక సహాయకుడిని పెడతారు.

నాలుగో వారం చివర ఒక నిర్ణయం తీసుకోండి. ఆ రోజుకి స్టాఫ్ పైని ఎ మెల్లగా, చేతులు లాగకుండా, అరగంట వాయించాక కూడా వస్తుంటే ఫస్ట్ పార్ట్ మీరే వాయించండి. రాకపోతే ఈసారికి పార్ట్‌లు మార్చుకుందామని సెకండ్ ట్రంపెట్‌తో మాట్లాడండి, వాళ్లకు ఇంకా రెండు వారాల టైమ్ ఉంటుంది. ఏదైనా సరే, చివరి వారం కొత్తగా ఏమీ పెంచకండి. ముందు రోజు పదిహేను నిమిషాలు, కచేరీ రోజు వార్మప్ పది నిమిషాలు. తెర వెనుక నిలబడి హై సి ఉందో లేదో చూసుకోవడం మాత్రం వద్దు.